హైదరాబాద్–విశాఖ 40 నిమిషాల ప్రయాణం కాదు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుందని మీ ప్రశ్నలు–జవాబుల శీర్షికలో ఒక పాఠకురాలు అడిగారు. ‘620 కి.మీ., సుమారు 40 నిమిషాలు’ అని మీరు జవాబిచ్చారు. ఆ 40 ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం పెద్ద పనేం కాదు. 620ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగిస్తే 41 నిమిషాలు వస్తుంది. కానీ 620 అనేది రోడ్డు దూరం. 900 అనేది పెద్ద విమానాలు సముద్రాలు దాటేటప్పుడు అందుకునే వేగం. బస్సు వెళ్లే దూరాన్ని బోయింగ్ 777 వేగంతో భాగిస్తే వచ్చేది కాకి లెక్కే. విమానాల ప్రణాళిక పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఏ అంకె దేనిదో విడమరిచి చెబుదామని ఈ ఉత్తరం.

ముందు దూరం సంగతి. ఈ రెండు ఊళ్ల మధ్య దూరాలు కనీసం నాలుగున్నాయి. రోడ్డు మీద 65వ నంబరు జాతీయ రహదారిలో విజయవాడకు 275, అక్కడి నుంచి 16వ నంబరు రహదారిలో విశాఖకు 350, మొత్తం 620–625 కి.మీ. రైలు కాజీపేట, విజయవాడ చుట్టి పోతుంది కనుక సికింద్రాబాద్ నుంచి దాదాపు 700. రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద గీయగల అతి దగ్గరి గీత 510 కి.మీ., పైలట్ల కొలతలో 276 నాటికల్ మైళ్లు. ఇక విమానం నిజంగా ఎగిరే దూరం ఏ రోజుకారోజు మారుతుంది. అది మామూలుగా 550 నుంచి 590 దాకా ఉంటుంది.

ఆ 510ని ఎవరైనా ఇంట్లో కూర్చుని రాబట్టుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17.23 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22. రేఖాంశాల తేడా 4.79 డిగ్రీలు. మన దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 106 కి.మీ., అంటే తూర్పుకు 508. అక్షాంశాల తేడా 0.49 డిగ్రీలు. డిగ్రీకి 111 చొప్పున ఉత్తరానికి 54. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 511. బడిలో చదువుకున్న పైథాగరస్ సిద్ధాంతమే ఇది. జనం పొరపడేది 106 దగ్గర. భూమధ్యరేఖ మీద రేఖాంశ డిగ్రీ కూడా 111 కి.మీ. ఉంటుంది కానీ ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గిపోతుంది, ఢిల్లీ దగ్గర 98కి వస్తుంది. అన్నిటికీ 111 వేసేస్తే విశాఖ 20 కి.మీ.కు పైగా సముద్రంలోకి జరుగుతుంది. ఈ లెక్క కూడా దగ్గరి ఊళ్లకే పనికొస్తుంది. దుబాయ్, సింగపూర్ లాంటి దూరాలకు భూమి గుండ్రం లెక్కలోకి వస్తుంది, అక్కడ గోళ త్రికోణమితి వాడాల్సిందే.

ఇక సమయం. 510 కి.మీ. దారిలో విమానం పూర్తి వేగంతో పోయేది ఎంతసేపో తెలిస్తే మీ 40 నిమిషాలు ఎందుకు కుదరవో అర్థమవుతుంది. ఈ రూటులో ఎక్కువగా తిరిగేది ఎయిర్‌బస్ 320 తరగతి విమానం. అది ఎత్తుకు చేరాక ధ్వని వేగంలో 0.78 వంతు, అంటే గంటకు 830–840 కి.మీ. పోతుంది. అక్కడికి చేరేలోపే సగం కథ అయిపోతుంది. పది వేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. దాటకూడదని నిబంధన. 33 వేల అడుగులకు ఎక్కడానికి 20 నిమిషాలు పడుతుంది. ఈలోగా దాదాపు 200 కి.మీ. గడిచిపోతాయి, విమానం కృష్ణా నదికి ఉత్తరాన ఖమ్మం జిల్లా దరిదాపుల్లో ఉంటుంది. దిగడానికి పైలట్లు నోటితో వేసే లెక్క ఒకటుంది. ఎత్తు ఎన్ని వేల అడుగులో దాన్ని మూడుతో హెచ్చవేస్తే అన్ని నాటికల్ మైళ్ల ముందు నుంచి దిగడం మొదలుపెట్టాలి. 33 మూళ్లు 99 మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి మరో పది కలిపితే 200 కి.మీ. అంటే నిజంగా ఎగిరే 550లో ఎక్కడానికి 200, దిగడానికి 200 పోగా సమంగా సాగేది ఓ 150 కి.మీ. ఆ 840 వేగం అందుబాటులో ఉండేది పది పన్నెండు నిమిషాలే. సిబ్బంది మంచినీళ్ల సీసాలు పంచడం పూర్తి కాకముందే ‘బెల్టులు పెట్టుకోండి’ అనే ప్రకటన వచ్చేది అందుకే. ఎక్కడానికి 20, సమంగా 12, దిగడానికి 25. నేల వదిలినప్పటి నుంచి నేల తాకేదాకా 55 నుంచి 60 నిమిషాలు. సగటు వేగం గంటకు 600 కి.మీ. కూడా ఉండదు.

ఇక్కడో చిన్న సంగతి. తూర్పు వైపు పోయే విమానాలకు బేసి వేల అడుగులు, పడమర వైపు వచ్చేవాటికి సరి వేల అడుగులు ఇస్తారు. విశాఖకు వెళ్లే విమానం 31 వేలో, 33 వేలో ఎగిరితే విశాఖ నుంచి వచ్చేది 32 వేలో, 34 వేలో ఎగురుతుంది. ఒకదాని కింద ఒకటి వెయ్యి అడుగుల ఎడంతో దాటుకుంటాయి. పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఒక్కోసారి కనిపిస్తుంది.

510 కాస్తా 550–590 ఎలా అవుతుందో తెలియాలంటే రన్‌వేల దిక్కు చూడాలి. శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగానే లేవాలి. గాలి తూర్పు నుంచి వీచే రోజున లేచీ లేవగానే ముక్కు విశాఖ వైపే ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమర నుంచి వీస్తుంది కాబట్టి అటు లేచి, చుట్టూ తిరిగి, మళ్లీ శంషాబాద్ పక్కనుంచే తూర్పుకు రావాలి. ఆ ఒక్క మలుపుకే నాలుగైదు నిమిషాలు పోతాయి. విశాఖలోనూ అంతే. పడమటి నుంచి నేరుగా దిగనిస్తే సరే. సముద్రం వైపు నుంచి దిగాల్సి వస్తే ఊరు దాటి నీళ్ల మీదికి పోయి వెనక్కి తిరగాలి. ప్రయాణికులకు ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ బాగా కనిపిస్తాయి కానీ మరో ఐదారు నిమిషాలు ఖర్చు. దీనికి తోడు నగరంలోని ఆ రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాది. వాళ్ల విన్యాసాలు, శిక్షణ నడిచే వేళల్లో పౌర విమానాలు ఆగాలి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడే ఆ గంటలు వదిలిపెట్టుకోవాలి.

గాలి సంగతి ఇంకాస్త చెప్పాలి. ఎందుకంటే పోనూ రానూ ఒకే సమయం పడుతుందని మీ జవాబు అనుకుంది. చలికాలంలో మన మీద పైఎత్తున పడమటి గాలి వీస్తుంది, విశాఖకు వెళ్లే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది తిరగబడుతుంది. దక్షిణ భారతం మీద బలమైన తూర్పు గాలిపట్టీ ఏర్పడుతుంది. దాన్ని 1958లో ప్రపంచానికి చూపించింది మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. అప్పుడు లాభం విశాఖ నుంచి వచ్చేవాళ్లకు. ఇంత చిన్న దూరంలో ఈ తేడా రెండు నుంచి నాలుగు నిమిషాలకు మించదు. దూరం పెరిగితే మాత్రం గాలి లెక్కనే మార్చేస్తుంది. హైదరాబాద్–దుబాయ్ గీత మీద 2,550 కి.మీ. చలికాలంలో వెళ్లడానికి దాదాపు 4 గంటలు, రావడానికి మూడున్నర లోపే. దీనికి గంటన్నర కాలమాన తేడా కలిసి టికెట్ చూసేవాళ్లను బోల్తా కొట్టిస్తుంది. ఉదయం 10కి బయల్దేరి 12.30కి చేరినట్టు అచ్చవుతుంది. చూసినవాళ్లు రెండున్నర గంటలే అనుకుంటారు.

దూరం తక్కువైతే సమయం తక్కువ అన్న నమ్మకాన్నే తలకిందులు చేసిన ఉదాహరణ ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో. గీత మీద 12,400 కి.మీ. ఎయిర్ ఇండియా మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా, 13,900 కి.మీ. దారిలో పోయేది. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా 15,300 కి.మీ. ఎగిరింది. దారి 1,400 కి.మీ. పెరిగింది, సమయం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. అంతా వెనకగాలి చలవే. తిరుగు ప్రయాణం కూడా తూర్పుగానే, అట్లాంటిక్ మీదుగా. అంటే పోనూ రానూ కలిపి భూప్రదక్షిణ. కాబట్టి కి.మీ.లు చూసి గంటలు చెప్పే అలవాటు మానుకోవడం మంచిది.

మళ్లీ మన విశాఖకు వద్దాం. టికెట్ మీద ఉండే సమయం పైన చెప్పిన 55–60 నిమిషాలు కాదు. అది చక్రాలకు పెట్టిన అడ్డాలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతల ఆగి మళ్లీ అడ్డాలు పెట్టేదాకా లెక్క. దీన్ని మా పనిలో బ్లాక్ టైమ్ అంటాం. శంషాబాద్‌లో ట్రాక్టరు వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే దాకా నడవడం, ముందున్న విమానాల వెనక నిలబడటం, అన్నీ కలిపి 10–15 నిమిషాలు. పొద్దున రద్దీ వేళ ఇంకాస్త ఎక్కువ. విశాఖలో దిగాక గేటుకు చేరడానికి 4–5 నిమిషాలు. అందుకే టికెట్‌లో గంటా పది నుంచి గంటా పాతిక నిమిషాల దాకా కనిపిస్తుంది. ఒకే రూటులో రెండు సంస్థలకు పదిహేను నిమిషాల తేడా ఉంటే ఒకరి విమానం వేగమైనదని అనుకోవద్దు. ఒకరు టైమ్‌టేబుల్‌లో ఎక్కువ వెసులుబాటు పెట్టుకున్నారంతే. చెప్పిన వేళకు 15 నిమిషాల లోపు వస్తే వేళకు వచ్చినట్టే లెక్క. సంస్థలు ఆ అంకె కోసం జాగ్రత్తపడతాయి. ‘పది నిమిషాల ముందే చేరుకున్నాం’ అన్న ప్రకటన విని పైలట్‌కు చప్పట్లు కొట్టే ముందు ఈ వెసులుబాటును గుర్తు చేసుకోండి.

విమానం రకం చూసుకోవడం మర్చిపోతారు చాలామంది. రాజమండ్రి, కడప లాంటి చోట్లకు తిరిగే ఏటీఆర్ 72కు పంకాలుంటాయి. అది 17 నుంచి 21 వేల అడుగుల్లో గంటకు 500 కి.మీ. మాత్రమే పోతుంది. హైదరాబాద్–రాజమండ్రి గీత మీద 360 కి.మీ., విశాఖ కంటే 150 తక్కువ. అయినా టికెట్‌లో ఇంచుమించు విశాఖకు పట్టేంత సమయమే కనిపిస్తుంది. తప్పు అచ్చయిందేమోనని కంగారు పడనక్కర్లేదు. మీ శీర్షికకు ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తాయి కాబట్టి మేం వాడే మోటు లెక్క చెబుతాం. జెట్ విమానమైతే గీత దూరాన్ని 800తో భాగించి 30 నిమిషాలు కలపండి. ఏటీఆర్ అయితే 480తో భాగించి 25 కలపండి. విశాఖకు 38కి 30 కలిపితే గంటా 8. ఢిల్లీకి 1,260 కి.మీ., 95కి 30 కలిపితే రెండు గంటలా 5. రాజమండ్రికి 45కి 25 కలిపితే గంటా 10. టికెట్‌లో ఉన్నదానికి ఇవి పది పదిహేను నిమిషాల తేడాలో వస్తాయి. ఆ తేడా పైన చెప్పిన వెసులుబాటుదే.

ప్రశ్న అడిగిన పాఠకురాలికి కావాల్సింది ఇవేవీ కాకపోవచ్చు. ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరితే అవతలి ఇంటికి ఎన్నింటికి చేరతారో కావాలి. ఆ లెక్క ఇలా ఉంటుంది. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో గంటా పదిహేను. దేశీయ ప్రయాణాలకు చాలా సంస్థలు బయల్దేరే వేళకు 60 నిమిషాల ముందు లగేజీ కౌంటర్ మూసేస్తాయి, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. వాకిట్లో గుర్తింపు కార్డు తనిఖీ, కౌంటర్ దగ్గర వరుస, భద్రతా తనిఖీ ఉంటాయి కనుక గంటా నలభై ముందు అక్కడ ఉండాలి. బ్లాక్ టైమ్ గంటా పదిహేను. విశాఖలో పెట్టె బెల్టు మీదికి రావడానికి 20–25 నిమిషాలు. అక్కడి నుంచి ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దాటి ఎంవీపీ కాలనీకి 40 నిమిషాలు. మొత్తం ఐదుంబావు గంటలు. ఇందులో గాలిలో ఉండేది గంట. పెట్టె లేకుండా చేతి సంచీతో పోయేవాళ్లకు అరగంట, ముప్పావుగంట కలిసొస్తుంది. ఈ రూటులో డబ్బు పెట్టకుండా మిగిలే సమయం అదొక్కటే.

పక్కన రైలును పెట్టి చూడండి. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ సికింద్రాబాద్–విశాఖ ఎనిమిదిన్నర గంటల్లో పోతుంది. స్టేషన్‌కు రాకపోకలు కలిపితే పది గంటలు. అంటే విమానం వల్ల మిగిలేది ఐదు గంటల లోపే, మీ జవాబు చదివితే అనిపించే ఎనిమిది గంటలు కాదు. సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి దిగే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అయితే పగలు పోదు, రాత్రి హోటల్ ఖర్చు కూడా ఉండదు. ఏది మేలో చెప్పడం మా పని కాదు. కానీ 40 నిమిషాలు అని చదివినవాళ్లు పది గంటల సమావేశానికి ఎనిమిదింటి విమానం ఎక్కుతారు.

ఆలస్యాలు ఎక్కడ పుడతాయో కూడా చెప్పాలి. ఒక విమానం రోజుకు ఐదారు ప్రయాణాలు చేస్తుంది. పొద్దున ఎక్కడో ఇరవై నిమిషాలు జారితే, ఎక్కించి దించే వ్యవధి అరగంటే కాబట్టి అది పూడదు, సాయంత్రానికి గంటవుతుంది. తప్పనిసరి పని ఉన్నవాళ్లు తొలి విమానం ఎక్కాలని మేం చెప్పేది అందుకే. చలికాలం తెల్లవారుజామున మాత్రం ఎక్కడైనా మంచు పట్టే అవకాశం ఉంది, అప్పుడు రెండో విమానం నయం. ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుము మేఘాలు లేస్తాయి. వాటిని తాకకుండా 30–40 కి.మీ. పక్కకు తప్పుకుని పోవాలి. విశాఖ మీద వాన పడుతుంటే ఆకాశంలో చక్కర్లు కొట్టిస్తారు. ఒక్కో చుట్టుకు 4 నిమిషాలు, కాబట్టి మూడు చుట్లంటే 12 నిమిషాలు. ఎంతకీ తెరిపి ఇవ్వకపోతే హైదరాబాద్‌కో, భువనేశ్వర్‌కో మళ్లిస్తారు. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చేరడానికి సరిపడా, ఆపైన మరో 30 నిమిషాలు చక్కర్లకు సరిపడా ఇంధనం బయల్దేరేటప్పుడే ఉంటుంది. ‘ఇంధనం అయిపోతుందని వెనక్కి తిప్పారట’ అన్న మాట ఊళ్లో వినిపిస్తుంది. నిజానికి ఆ నిల్వను ముట్టుకోకుండా ఉండటానికే తిప్పుతారు.

భోగాపురం సంగతి కూడా ఒక మాట. విశాఖకు 45 కి.మీ. దూరంలో ఉన్న ఆ విమానాశ్రయం హైదరాబాద్ నుంచి గీత మీద మరో 30 కి.మీ. పైచిలుకు. ఆకాశంలో అది రెండు మూడు నిమిషాల చిల్లర. గాజువాకలో ఉన్నవాళ్లకు నేల మీద అదే గంటకు పైగా. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం ఎదురు లాభం. రెండు ఊళ్ల మధ్య విమాన దూరం అడిగేవాళ్లకు ఏ విమానాశ్రయమో చెప్పకుండా అంకె ఇవ్వకూడదు.

సవరణ వేసేటప్పుడు ఇంకొకటి కూడా సరిచేయండి. విశాఖ విమానాశ్రయం కోడ్ ‘వీజీఏ’ అని ఆ జవాబులోనే అచ్చయింది. వైజాగ్‌లో వి, జి ఉన్నాయి కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. విశాఖది వీటీజెడ్. వీజీఏ విజయవాడది. ఆ కోడ్ కొట్టి టికెట్ కొన్నవాళ్లు గన్నవరంలో దిగుతారు, అక్కడి నుంచి విశాఖకు రోడ్డు మీద ఇంకో 330 కి.మీ. ఉంటుంది.

ఇట్లు
విమాన ప్రణాళిక పనిలో ఉన్న పాఠకులు,
హైదరాబాద్